కాల్పనిక పటాలలో తీరరేఖ మేళనం

తీరరేఖ మేళనం అనగా కాల్పనిక ప్రపంచాల పటాలను కంప్యూటరుపై తయారుచేసేటప్పుడు, చిత్రకారుడు గీసిన సముద్రతీరాన్ని ప్రోగ్రాము పుట్టించిన భూస్వరూపంతో అతుకు కనబడకుండా కలిపే పద్ధతి. నవలలకు, కంప్యూటరు ఆటలకు పటాలు గీసేవారు దీనిని వాడుతారు.

నేపథ్యం

కొలబద్ద చిన్నదయ్యే కొద్దీ తీరం పొడవు పెరుగుతుందని బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో బ్రిటన్ తీరాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించాడు. 1985లో కెన్ పెర్లిన్ తన నాయిస్ ప్రమేయాన్ని ప్రచురించాడు. ఇటువంటి ప్రమేయాలతో ప్రతి బిందువుకు ఒక ఎత్తు గల పట్టికను, అనగా ఎత్తుల పటాన్ని, పుట్టించవచ్చును. సముద్రమట్టానికి దిగువన ఉన్నదంతా నీరే కనుక తీరం దానంతట అదే ఏర్పడుతుంది. అయితే అది రచయిత కోరిన తీరం కాదు. కథలో రేవుపట్టణం ఉండవలసిన చోట కొండ రావచ్చును.

సమస్య

గీసిన తీరాన్ని కత్తెరలా వాడి, దాని బయట ఉన్నదంతా నీరు చేయడం తేలిక మార్గం. అప్పుడు 900 మీటర్ల కొండ కూడా ఒడ్డున నిలువునా తెగిపోయి, ఖండం చుట్టూ గోడ కట్టినట్లు కనిపిస్తుంది. మసకబార్చే ఫిల్టరు వాడితే గోడ వాలుగా మారుతుంది గాని, దానితోపాటు చిన్న అఖాతాలు, ద్వీపకల్పాలు కరిగిపోతాయి. తీరానికి సహజత్వం ఇచ్చే గరుకుదనమే పోతుంది.

పద్ధతి

మార్చవలసినది రేఖను కాదు, దాని వెనుక నేలను. ముందుగా నేలపై ఎత్తులన్నిటినీ సున్నా కంటె పైకి తేవాలి. లేనిచో లోపల లేనిపోని సరస్సులు ఏర్పడతాయి. తరువాత ప్రతి బిందువుకు తీరం నుండి గల దూరాన్ని మేళన వెడల్పుతో భాగించాలి. ఈ విలువను ద అనుకొంటే (1 దాటినచో 1గానే తీసుకోవాలి), ఎత్తును 3ద² − 2ద³తో గుణించాలి. ఈ వక్రం రెండు కొసలలోనూ చదునుగా ఉంటుంది కనుక మడత కనబడదు. వెడల్పు 20 కిలోమీటర్లయితే, 900 మీటర్ల ఎత్తున్న నేల తీరానికి 10 కిలోమీటర్లలో 450 మీటర్లకు, 5 కిలోమీటర్లలో సుమారు 141 మీటర్లకు, ఒక కిలోమీటరులో 7 మీటర్ల లోపుకు దిగుతుంది. సముద్రంలోని లోతులకు కూడా ఇటువంటి వాలునే, వేరే వెడల్పుతో వాడుతారు.

అంతటా ఒకే వెడల్పు వాడితే ఖండం పళ్ళెం అంచులా ఉంటుంది. నిజమైన తీరాలు అలా ఉండవు. విశాఖపట్నంలో డాల్ఫిన్ నోస్ కొండ నేరుగా సముద్రాన్ని తాకుతుంది. అదే తీరంలో దక్షిణంగా వెళితే గోదావరి, కృష్ణా డెల్టాలు ఎన్నో కిలోమీటర్లు చదునుగా ఉంటాయి. అందువలన వెడల్పును కూడా చోటును బట్టి మార్చడం మంచిది. చాలా పటాలు తేలిపోయేది ఇక్కడే.

జాగ్రత్తలు

నదులను మేళనం తరువాతే లెక్కించాలి, లేనిచో అవి పాత ఎత్తుల వెంట పారుతాయి. ఎత్తులను 8 బిట్లలో దాచితే 256 మెట్లే ఉంటాయి. శిఖరం 6,000 మీటర్లయితే ఒక్కొక్క మెట్టు సుమారు 23 మీటర్లు. డెల్టా మొత్తం ఒకటి రెండు మెట్లలో ఇమిడిపోతుంది. 16 బిట్లలో మెట్టు 10 సెంటీమీటర్ల లోపే.