నొక్కడం, నొక్కేయడం

తెలుగులో ‘నొక్కడం’ అంటే మీట నొక్కడమూ అవుతుంది, సొమ్ము నొక్కేయడమూ అవుతుంది. ఇంటర్నెట్ ప్రకటనల వ్యాపారంలో ఈ రెండూ ఒకటే పని కావడానికి పదేళ్లు పట్టింది. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైట్‌లో ఏటీ అండ్ టీ వేయించిన బ్యానర్‌తో ఈ వ్యాపారం ఊపందుకుంది. అప్పుడు పత్రికల పద్ధతే నడిచేది: ఇంతమంది కంట పడుతుంది, ఇంత ఇవ్వండి. పడిందో లేదో ఎవరు చూడొచ్చారు? అందుకే 1996లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ యాహూతో బేరమాడి, ఎవరైనా క్లిక్ చేస్తేనే డబ్బులిస్తానంది. 1998లో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ డాట్ కామ్ క్లిక్కును వేలానికి పెట్టింది, 2002లో గూగుల్ కూడా ఆ దారిలోకే వచ్చింది. మరుసటి ఏడాది యాడ్‌సెన్స్ పేరుతో ఊరూ పేరూ లేని సైట్లకు కూడా ప్రకటనలు పంచి, క్లిక్కు సొమ్ములో వాటా ఇవ్వసాగింది. నా లెక్కలో అసలు మలుపు ఇదే. ధాన్యం కొలిచేవాడికి కుంచానికింత అని కూలి కడితే కుంచాలు పెరగకుండా ఉంటాయా? ప్రకటనల మోసాల చరిత్రలో మోసగాళ్ల తెలివి కన్నా, దేన్ని కొలిచి డబ్బిస్తున్నారన్నదే పెద్ద సంగతి. కొలత మారినప్పుడల్లా దొంగసరుకూ మారింది.

క్లిక్కుకు రేటు పలికాక నొక్కడం కూలిపనైపోయింది. మన మహానగరాల్లోనే గృహిణులు, పట్టభద్రులు ఇంట్లో కూర్చుని ప్రకటనలు నొక్కుతూ నెలకు 100 నుంచి 200 డాలర్లు సంపాదిస్తున్నారని 2004 మేలో టైమ్స్ ఆఫ్ ఇండియా రాసింది. అదే ఏడాది చివర్లో గూగుల్ ఆర్థిక విభాగం అధిపతి జార్జ్ రేయెస్ ఈ మోసం పెద్ద ముప్పేనని మదుపరుల ముందు ఒప్పుకున్నాడు. తర్వాతివాళ్లు ఆ కూలి కూడా దండగనుకుని పనిని యంత్రాలకు అప్పగించారు. వాళ్లలో మెత్‌బాట్ అనే ముఠా 1,900కు పైగా సర్వర్లు, ఆరున్నర లక్షల ఐపీ అడ్రసులు అద్దెకు తీసుకుంది. అవన్నీ అమెరికాలో ఎవరెవరి ఇళ్లలోనో ఉన్న కనెక్షన్లన్నట్టు కాగితాల మీద చూపించింది. 2018లో అమెరికా న్యాయశాఖ బయటపెట్టిన అభియోగాలు చదువుతుంటే ఆ పనితనానికి ముక్కున వేలేసుకోవాల్సిందే: ముఠా రాసుకున్న ప్రోగ్రాము మౌస్ కదుపుతుంది, పేజీని కిందికి జరుపుతుంది, వీడియోను మధ్యలో ఆపి మళ్లీ నడుపుతుంది, ఫేస్‌బుక్‌లో లాగిన్ అయినట్టు నటిస్తుంది. లేని మనిషికి విసుగు కూడా పుట్టించారన్నమాట! ముఠా నాయకుడికి 2021లో పదేళ్ల జైలు పడింది.

దొంగ క్లిక్కులు పెరిగితే వేలంలో ధర దానంతటదే దిగుతుంది, పైగా జల్లెడ పట్టే ఏర్పాట్లున్నాయి, వాపసులూ ఉన్నాయి అని వ్యాపారం వైపు నుంచి జవాబొకటి వినిపిస్తుంది. తీసిపారేయదగ్గ వాదన కాదిది. అమెరికాలోని ఆర్కన్సాలో లేన్స్ గిఫ్ట్స్ అనే సంస్థ వేసిన దావాలో గూగుల్ 2006లో 9 కోట్ల డాలర్లకు రాజీపడినా, ఆ కేసులో స్వతంత్ర నిపుణుడిగా నివేదిక రాసిన అలెగ్జాండర్ తుజిలిన్ ఆ సంస్థ వడపోత సమంజసంగానే ఉందన్నాడు. అయితే నొక్కినవాడి మనసులో ఏముందో క్లిక్కును చూసి తేల్చలేని సందర్భాలుంటాయని కూడా ఆయనే రాశాడు. ఇక ధర దిగడమంటారా, అది సగటు లెక్క. రోజుకు 500 రూపాయలు ప్రకటనకు తీసిపెట్టుకున్న చిన్న దుకాణదారు డబ్బును పక్కవీధి పోటీదారు పొద్దున్నే నొక్కి ఖాళీ చేస్తే, సగటు తగ్గి అతనికి ఒరిగేదేముంది? పైగా జల్లెడలోంచి జారిన ప్రతి దొంగ క్లిక్కులోనూ జల్లెడ పట్టేవాడికి వాటా ఉంటుంది. అతను నిజాయితీపరుడే కావచ్చు, కానీ మరీ సన్నజల్లెడ కొనాలన్న తొందర అతనికెందుకుంటుంది?

క్లిక్కు మీద నమ్మకం సడలినకొద్దీ చాలామంది ప్రకటనదారులు ఇంకో మెట్టు పైకెక్కారు. ఎవరైనా పేరూ ఫోన్ నంబరూ ఇచ్చి ఆసక్తి చూపితేనే డబ్బిస్తామన్నారు. అలా వచ్చిన వివరాలకు లీడ్ అని పేరు. హైదరాబాదులో ఫ్లాట్లు అమ్మేవాళ్లకూ, విదేశీ చదువుల కన్సల్టెన్సీలకూ ఈ లీడ్సే ముడిసరుకు. క్లిక్కు వెనక మనిషి లేకపోవచ్చు గానీ లీడ్‌కు ఫోన్ నంబరుంటుంది, ఫోన్ చేస్తే నిజం తేలిపోతుంది కదా అనిపిస్తుంది. తేలేది సగమే. మనిషి అసలువాడై, ఆసక్తి నకిలీదైతే? 2017లో అమెరికాలో, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలనే నెట్ న్యూట్రాలిటీ నిబంధనల మీద జనం పేరుతో ప్రభుత్వానికి వచ్చిన 2.2 కోట్ల అభిప్రాయాల్లో దాదాపు 1.8 కోట్లు దొంగవేనని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. వాటిలో సుమారు 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారంలోంచి వచ్చాయి. కానుకల ఆశ చూపి మనుషుల్ని ఒప్పించి మద్దతు కూడగట్టాల్సిన లీడ్ ఏజెన్సీలు, ఆ శ్రమెందుకని తమ దగ్గరున్న పాత జాబితాల్లోంచి పేర్లూ చిరునామాలూ ఎత్తి రాసేశాయి. పేర్లు నిజమే, మనుషులూ నిజమే, వాళ్లనెవరూ అడగలేదంతే. మన టెలికాలర్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ‘నేనెక్కడా ఫ్లాటు కావాలని అడగలేదండీ’ అని అవతలివాళ్లు ఫోన్ పెట్టేసేటప్పటికి ఆ లీడ్‌కు బిల్లు వచ్చేసి ఉంటుంది. ఇప్పుడు ఫారం చివర ఓటీపీ అడుగుతున్నారు. ఓటీపీ అందుకోవడానికి మాత్రమే నంబర్లు అద్దెకిచ్చే సైట్లు అప్పుడే దుకాణం తెరిచాయి.