గోడ తిరిగిచ్చే ఎలక్ట్రాన్

దోహా ఎడ్యుకేషన్ సిటీలో ఒక ల్యాబ్. బయట మాడ్చేసే ఎండ, లోపల ఏసీ చలికి మీ వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వ్యాక్యూమ్ పంపు గుర్రుమంటోంది. ఎదురుగా స్టీలు చాంబర్. దాని కిటికీలోంచి చూస్తే రెండు లోహపు పలకలు, మధ్య ఎడం ఒక్క సెంటీమీటరు.

గ్లౌజులు వేసుకున్నారా? పలక మీద ఒక్క వేలిముద్ర పడినా ఇవాళ్టి కొలత దండగ.

వాల్వు కొద్దిగా తిప్పండి. హీలియం వస్తోంది. ఈ గడ్డ మీద దొరికే సరుకే అది. ఉత్తరాన రాస్ లఫాన్‌లో 2005 నుంచి సహజవాయువులోంచి వేరుచేస్తున్నారు. పీడనం మీటరు 4 టార్ చూపగానే వాల్వు కట్టేయండి.

ఇప్పుడు వోల్టేజి నాబ్. 140 వోల్టులు. అతినీలలోహిత ల్యాంపు ఒక్కసారి మెరిపించండి. కింది పలక నుంచి ఎలక్ట్రాన్లు లేచి, దారిలో హీలియం పరమాణువులను గుద్ది అయాన్లుగా మార్చాయి. స్కోప్ తెర మీద ముందు సన్నటి గీత: ఎలక్ట్రాన్లు దాటేశాయి. వెనకాలే బద్ధకంగా ఒక మెట్ట: అయాన్లు కిందికి దిగుతున్నాయి. వాటి బరువు ఎలక్ట్రాన్‌కు ఏడు వేల రెట్లు. పైగా అడుగడుగునా పరమాణువులతో ఢీ. మైక్రోసెకన్లు లెక్కపెట్టండి. అయాన్ వేగం తేలిపోతుంది.

పలకను తాకాక అయాన్ ఏం చేస్తుంది? లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. అప్పుడు విడుదలయ్యే శక్తికి ఒక్కోసారి ఇంకో ఎలక్ట్రాన్ బయటికి ఎగిరొస్తుంది. 1954లో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ హాగ్‌స్ట్రమ్ శుభ్రమైన టంగ్‌స్టన్ మీద కొలిచాడు. వంద హీలియం అయాన్లకు 29 ఎలక్ట్రాన్లు లేచాయి. జెనాన్‌కు రెండే.

160 వోల్టులు. గీత వణుకుతోంది.

170. ల్యాంపు మెరిపించి ఆర్పండి. కరెంటు పడిపోయింది.

180. మళ్లీ మెరిపించి ఆర్పండి. కరెంటు ఆగలేదు. వెళ్లిన ప్రతి ఎలక్ట్రాన్‌కూ బదులు గోడే, అంటే ఆ పలకే, ఇంకొకటి ఇస్తోంది. గులాబీ వెలుగు. రాసుకోండి.

ఇంకాస్త పెంచాలా? కరెంటు మీటరు ముల్లు ఎగిరింది. వద్దు. నాబ్ వెనక్కి. స్విచ్ ఆఫ్.

చెయ్యి మూత మీదికి పోతోంది. ఆగండి. వోల్టు మీటరు సున్నా చూపినా నమ్మొద్దు. కెపాసిటర్‌లో చార్జి ఉండొచ్చు. ముందు ఎర్తింగ్ రాడ్. తాకించండి. ఇప్పుడు తెరవండి.

మీరు రాసుకున్న 180 హీలియం ఒక్కదానిదే కాదు, ఈ పలకది కూడా. పలక ఏ లోహమో, ఎంత శుభ్రంగా ఉందో ఆ అంకె పక్కనే రాయండి. అది లేని కొలత ఇంకెవరికీ పనికిరాదు.