రెండు తేదీలు

మనం డిసెంబరు 17న పింఛనుదారుల దినోత్సవం జరుపుకోవడం వెనుక ఒక తీర్పు ఉంది. రిటైరైన తేదీని బట్టి కేంద్ర పింఛనుదారులను విడదీసిన గీతను 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు చెరిపివేసింది. పింఛను దయాభిక్ష కాదన్నది.

2004 సెప్టెంబరు 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరో గీత పడింది. ఆనాటి నుండి ఉద్యోగంలో చేరిన ప్రభుత్వ ఉపాధ్యాయులకు సి.పి.యస్. వచ్చింది. మూలవేతనం, కరువు భత్యంలో 10 శాతం నెలనెలా కోత. అంతే మొత్తం ప్రభుత్వం జమ చేసే ఏర్పాటు. రిటైరయ్యాక 60 శాతం వరకు చేతికి, మిగిలినదానితో యాన్యుటీ. మన పింఛనుకు కరువు భృతి ఉంది. ఆ యాన్యుటీకి లేదు.

ఒకే బడిలో పాఠాలు చెప్పినవారిని చేరిన తేదీ విడదీసింది. నకారా తీర్పు ఫలం అనుభవిస్తున్న నేను వారి కోర్కెను పరాయి గొడవ అనుకోలేను.