శస్త్రవైద్యుని బొమ్మలు

బొమ్మలనగానే మన ఇండ్లలోని కొలువు జ్ఞాపకం వస్తుంది. ఊరు విడిచి ఎంత దూరం వచ్చినా కొండపల్లి బొమ్మలను మన ఆడవారు పెట్టె అడుగున భద్రంగా తెచ్చుకొన్నారు. మేము ఈ సంచికకు వ్రాయబూనినది ఆ బొమ్మలను గురించి కాదు. రోగి శరీరంలోని ఎముకను, గుండెను ఉన్నదున్నట్లు యంత్రం చేత అచ్చు వేయించి, కత్తి పట్టక ముందే శస్త్రవైద్యులు చేతిలో త్రిప్పి చూచుకొనే బొమ్మలను గురించి.

వీటికి పూర్వచరిత్ర గలదు. ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో 1775లో తెరచిన లా స్పెకోలా ప్రదర్శనశాలలో మైనంతో చేసిన మానవ దేహాలు ఈనాటికీ ఉన్నవి. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ వాటిని చూచి ముచ్చటపడి, తన సైనిక వైద్యుల చదువుకై వెయ్యికి పైగా మైనపు బొమ్మలు చేయించినాడు. అవి ఆల్ప్సు పర్వతాల మీదుగా కంచర గాడిదల వీపులపై వియన్నా చేరినవి. మైనం కరగకుండా, వ్రేళ్ళు విరగకుండా ఆ సరుకును చేర్చిన వారిని మెచ్చుకోవలసిందే. పార్సిలు గుమాస్తాల కష్టం మాకు తెలుసు. పిమ్మట ఫ్రాన్సులో లూయీ ఓజూ అనే వైద్యుడు 1820 తరువాతి సంవత్సరాలలో కాగితపు గుజ్జుతో, ఏ భాగానికాభాగం ఊడదీసి మరల అమర్చగల బొమ్మలు చేసినాడు. చదువుకొనేవారికి ఇవి ఎంతో మేలు చేసినవి. అయితే అవన్నీ సామాన్య మానవుని బొమ్మలు. వైద్యుని ముందు పడుకొన్న ఫలానా సుబ్బయ్యగారి దవడ ఎట్లున్నదో అవి చెప్పలేవు.

ఆ ముడి విడినది 1971 అక్టోబరు 1వ తేదీన. లండను నగరపు వింబుల్డనులోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఆనాడు సి.టి. స్కాను యంత్రంతో మొదటిసారి ఒక రోగి తలను చిత్రం తీసినారు. యంత్రాన్ని కల్పించిన హౌన్స్‌ఫీల్డు 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందినాడు. ఆయనకు విశ్వవిద్యాలయపు పట్టా లేదని తెలిసి, మెట్రిక్యులేషనుతో ఆగిన మావంటివారికి కొంత సంతోషం! ఎక్స్‌రే చూపేది నీడను మాత్రమే. స్కాను శరీరాన్ని పలుచని పొరలుగా చూపుతుంది. పూర్వం మా బుకింగు కౌంటరులో అట్ట టిక్కెట్లు దొంతరగా ఉండేవి. ఒక్కొక్క టిక్కెట్టు ఒక్కొక్క పొర అనుకొంటే, దొంతర మొత్తం మనిషి తల అనుకోవచ్చు.

ఆ దొంతరను మరల పేర్చేదెవరు? జపానులోని నగోయాలో కొడామా అనే ఆయన 1980 ప్రాంతంలో ఈ దారి త్రొక్కినాడు. అమెరికాలో చార్లెస్ హల్ 1984లో దరఖాస్తు పెట్టి 1986లో పేటెంటు పొందినాడు. తొట్టిలోని ద్రవంపై అతినీలలోహిత కిరణాలతో గీతలు గీయగా, కిరణం సోకినంత మేర గట్టిపడి ఒక పొర ఏర్పడుతుంది. దానిమీద మరొక పొర. స్కాను పొరలుగా విడదీస్తే ఈ యంత్రం పొరలుగా కడుతుంది. ఇంతకంటే ఈడైన జోడు ఎక్కడ దొరుకుతుంది? 1990లో లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయం వారు ఈ పద్ధతిలో శరీరభాగాలను చేసి ప్రకటించినారు. ఆ సంవత్సరమే బెల్జియములోని లూవెన్‌లో మెటీరియలైజ్ సంస్థ పుట్టినది. 1999లో ఆస్ట్రేలియా వైద్యుడు పాల్ డర్సో బృందం 45 మంది రోగుల ముఖ, కపాల చికిత్సలను పరిశీలించి, బొమ్మ వలన ఆపరేషను కాలం సుమారు 17 శాతం తగ్గినదని వ్రాసినది. మత్తులో ఉన్న రోగికి ఆ కాలం విలువ ఎంతో!

2002 ఆగస్టులో లాస్ ఏంజిలిస్‌లో గ్వాటెమాలా దేశపు పసికందులను, తలలు అతుక్కొని పుట్టిన కవలలను, సుమారు 23 గంటలు శ్రమించి విడదీసినారు. వారి కపాలాల బొమ్మలను వైద్యులు ముందుగానే చేయించుకొన్నారు. ఇద్దరూ బ్రతికినారు, కాని తరువాత ఒక బిడ్డకు మెదడు పొరల జబ్బు సోకి కష్టాలు తప్పలేదు. మరుసటి సంవత్సరం జూలైలో సింగపూరులో ఇరాను అక్కచెల్లెండ్రు లాదాన్, లాలే బిజానీలకు అటువంటి ఆపరేషనే చేసినారు. వారికి 29 ఏండ్లు. ఎముక అనుకొన్నదానికంటే గట్టిగా ఉన్నది, నెత్తురు ఆగలేదు, ఇద్దరూ పోయినారు. ఎంత ముందుచూపు ఉన్నా నెత్తురు పారే తీరును పూర్తిగా పసికట్టుట కష్టం. పైగా స్కానులోని ఒక్కొక్క పొరలో ఏది ఎముక, ఏది కండ అని గుర్తు పెట్టేది మనిషే. అక్కడ తప్పితే బొమ్మ కూడా తప్పుతుంది.

మేము ఇంతగా వెదకి చదువుటకు కారణం మా మేనమామగారు. దవడలో గడ్డ లేచి ఒంగోలు నుండి మా దగ్గరకు వచ్చినారు. ఇక్కడి ఒక ఆసుపత్రిలో ఫిల్మును వెలుగుకు పట్టి గబగబ కన్నడంలోను, ఇంగ్లీషులోను చెప్పి, కాగితంమీద సంతకం చేయమన్నారు. ఆయన తల ఊపినారే గాని చేయలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

రెండవ ఆసుపత్రిలో వైద్యుడు ఆయన దవడ బొమ్మను చేయించినాడు. కాలి సన్న ఎముకను అక్కడ అతికించాలట; దానిని పట్టి ఉంచే లోహపు పట్టీని ముందే బొమ్మమీద వంచి సిద్ధపరచుకొంటారట. మామగారు బొమ్మను రెండు చేతులా పట్టుకొని, బొటనవ్రేలితో తడిమి, “ఇంత మేర తీసివేస్తారా నాయనా?” అని అడిగినారు. వైద్యునికి తెలుగు రాదు. అయినా వ్రేలు ఎక్కడ ఆగినదో చూచి తల అడ్డంగా ఊపి, పెన్సిలుతో అంతకంటే కొంచెం ఇవతలగా గీత గీసినాడు.

మామగారు సంతకానికి మా కలం అడిగినారు.