సప్తర్షి మండలము: దృశ్యము, దూరము

సా.శ. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో సప్తర్షులను తూర్పున మరీచితో మొదలిడి, అరుంధతీసహితుడైన వసిష్ఠుని మీదుగా క్రతువు వరకు వరుసగా పేర్కొనెను. ఆ ఏడును ఒకే ఫలకముపై పొదిగిన రత్నములవలె కంటికి తోచును.

నక్షత్రదూరమును విశ్వసనీయముగా కొలిచి తొలుత 1838లో జర్మను ఖగోళజ్ఞుడు బెస్సెల్ ప్రకటించెను. 1869లో ఆంగ్లేయుడు ప్రాక్టర్, సప్తర్షులలో నడుమనున్న ఐదు తారలు ఒకే దిశగా కలిసి సాగుచున్నవని గుర్తించెను. అవి సుమారు 80 కాంతి సంవత్సరముల దూరమున నున్నవి. కొసలనున్న మరీచి సుమారు 104, క్రతువు సుమారు 123 కాంతి సంవత్సరముల దూరమున వేరుగా చరించుచున్నవి.

కావున ఏడింటి ఆకృతి భూమిపై నిలిచిన ద్రష్ట చూపునకు చెందినదే కాని ఆ తారలకు చెందినది కాదు. అయినను వివాహవేళ వధూవరులకు చూపు వసిష్ఠారుంధతులు మాత్రము ఆ సహయాత్రికులలోనివే. వాటి సాహచర్యము కంటి భ్రమ కాదు.