వాటర్ పంప్ అంటే బోరు మోటరు కాదు.. పాత జపాన్ బండ్ల ప్రాణం ఈ చిన్న ప్లాస్టిక్ గేర్‌లోనే!

పామిడి: ఇక్కడ 'వాటర్ పంప్ పోయింది' అంటే ఎవరైనా ముందు అడిగేది బోరు ఎన్ని అడుగులు అనే. కానీ మోటార్ సైకిళ్లలోనూ వాటర్ పంప్ ఉంటుంది. పాత జపాన్ బండ్లలో దాన్ని తిప్పే గేర్ పోతే ఏమవుతుంది? మార్చాలంటే ఏం చూసుకోవాలి? వివరాలివీ..

ముందుగా ఒక క్లారిటీ. మన ఊళ్లలో కనిపించే ఆర్‌ఎక్స్ 100, రాజ్‌దూత్ 350, కేబీ 100, ఏఎక్స్ 100.. వీటికి అసలు వాటర్ పంపే లేదు. ఇంజిన్ మీది రెక్కలకు గాలి తగిలి చల్లబడే రకం ఇవన్నీ. నీళ్లతో చల్లబడే పాత జపాన్ బండ్లు వేరు. 1971లో వచ్చిన సుజుకి జీటీ 750, 1980లో వచ్చిన యమహా ఆర్‌డీ 350 ఎల్‌సీ అలాంటివే. జీటీ 750కి అమెరికాలో పెట్టిన ముద్దుపేరు 'వాటర్ బఫెలో', మన సీమ భాషలో ఎనుము అన్నమాట. ఇవి మన షోరూముల్లో అమ్మినవి కావు. విదేశాల నుంచి తెచ్చుకున్న కొద్దిమంది దగ్గరే ఉంటాయి. స్పేర్ల తలనొప్పి అందుకే.

అసలు పంప్ ఏం చేస్తుంది?

ఇంజిన్ చుట్టూ వేడెక్కిన కూలెంట్‌ను రేడియేటర్‌లోకి తోస్తుంది. ఎల్‌సీలో ఇది కుడివైపు క్లచ్ కవర్‌లో ఉంటుంది. తిప్పే గేర్ ప్లాస్టిక్‌ది. కంపెనీ పొదుపు కోసమే ఇలా చేసిందనుకుంటే పొరపాటే. ప్లాస్టిక్ గేర్ చప్పుడు చేయదు. పంప్ ఎక్కడైనా బిగుసుకుపోతే ముందు అదే విరిగి లోపలి ఇనుప గేర్లను కాపాడుతుంది. కాకపోతే నలభై ఏళ్లు వేడి ఆయిల్‌లో నానితే ఏ ప్లాస్టికైనా పెళుసుబారాల్సిందే.

గేర్ విరిగితే బండి వెంటనే ఆగదు. ప్రమాదమంతా అక్కడే. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, కూలెంట్ మాత్రం కదలదు. పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌లో పట్టేస్తుంది. మండు వేసవిలో, ఎన్‌హెచ్ 44 మీద గుత్తి నుంచి అనంతపురం వైపు స్పీడ్‌గా వెళ్తుండగా ఇలా జరిగితే వెనక చక్రం లాక్ అయిపోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా బరువెక్కినట్టు అనిపించిన క్షణమే క్లచ్ పట్టేయాలి. టూ స్ట్రోక్ నడిపే పాతకాపులు అందుకే ఎప్పుడూ ఒక వేలు క్లచ్ మీదే ఉంచుతారు.

గుర్తుపట్టడం ఎలా?

టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు పోతున్నా రేడియేటర్ కింది భాగం చల్లగానే ఉంటే పంప్ మీద అనుమానపడాలి. థర్మోస్టాట్ తెరుచుకోకపోయినా ఇలాగే ఉంటుంది కాబట్టి రెండూ చూడాలి. గేర్ ఆయిల్ దించినప్పుడు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే ఇక డౌటే అక్కర్లేదు. ఆయిల్ పాల టీ రంగులోకి మారితే మాత్రం అది సీల్ సమస్య, గేర్‌ది కాదు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, ముఖం కాలుతుంది.

మన జిల్లాలో ఇంకో శత్రువు ఉంది. బోరు నీళ్లు! ఇక్కడి నీళ్లలో ఉప్పు ఎక్కువ. రేడియేటర్‌లో పోస్తే గార కడుతుంది, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే పంప్ రెక్క పట్టేస్తుంది. తర్వాత ఒక్క కిక్ కొడితే చాలు, గేర్ పళ్లు రాలిపోతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయాలి. 2008లో వచ్చిన ఆర్15 లాంటి బండ్లకూ ఇదే వర్తిస్తుంది.

కొత్త గేర్ ఎక్కడిది?

యమహా పార్ట్ నంబర్‌లో మొదటి మూడు అక్షరాలు మోడల్ కోడ్. 350 ఎల్‌సీకి 4ఎల్0, 1983లో వచ్చిన వైపీవీఎస్‌కు 31కె. అది చూసి ఆర్డర్ చేస్తే సగం తప్పులు తగ్గుతాయి. 'పాత స్టాక్, ప్యాక్ విప్పలేదు' అని ఎవరైనా ఊరిస్తే జాగ్రత్త. ప్యాకెట్‌లో ఉన్నా ప్లాస్టిక్‌కు వయసు వస్తుంది.

దొరక్కపోతే గేర్ కటింగ్ చేసే వర్క్‌షాపులో చేయించుకోవచ్చు. విరిగిన ముక్కలన్నీ దాచిపెట్టి తీసుకెళ్లండి. పళ్ల లెక్క, బయటి వ్యాసం, వెడల్పు, షాఫ్ట్ రంధ్రం కొలతలు కావాలి. పళ్లు నిటారుగా ఉంటే వ్యాసాన్ని (పళ్ల సంఖ్య + 2)తో భాగిస్తే మాడ్యూల్ వస్తుంది. 30 పళ్లు, 32 మి.మీ. అయితే మాడ్యూల్ 1. పళ్లు ఏటవాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు, వాలు ఎటువైపో కూడా చెప్పాలి.

మెటీరియల్ విషయానికొస్తే మా ఓటు అసిటల్‌కే. మార్కెట్‌లో డెల్రిన్ అంటారు. నైలాన్‌లా తేమ పీల్చి ఉబ్బదు. ఇత్తడి గేర్ ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. కానీ పంప్ పట్టేస్తే ఈసారి విరిగేది దానికి ఎదురుగా ఉన్న గేర్. ఇక 3డీ ప్రింట్ పీఎల్‌ఏ ముక్క అయితే వద్దే వద్దు, 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. ఇంజిన్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది.

కవర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి పంప్ సీల్, బేరింగ్, గాస్కెట్ కూడా అప్పుడే మార్చేయండి. బిగించే ముందు పంప్ రెక్కను వేలితో తిప్పి చూడండి, ఎక్కడా పట్టకూడదు. లోపల పడిన ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరి, విరిగిన గేర్ పక్కన పేర్చి లెక్క సరిచూసుకోవాలి. కూలెంట్ పోశాక గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా ఇంజిన్ ఐడిల్‌లో నడిపి, చల్లారాక లెవల్ మళ్లీ చూసి, అప్పుడే హైవే ఎక్కండి.