ఎనిమిదికి లొంగని అణువులు

ఈఏపీసెట్ కోచింగ్‌లో, పరమాణువు బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండాలనే అష్టక నియమానికి మినహాయింపులంటే బట్టీ పట్టే మూడు వరుసలు: ఎలక్ట్రాన్లు చాలని బోరాన్ ట్రైఫ్లోరైడ్, ఒకటి బేసిగా మిగిలే నైట్రిక్ ఆక్సైడ్, ఎనిమిది దాటినట్టు కనిపించే సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. అమీర్‌పేట గదుల్లో ఒక్క బిట్టుతో తేలిపోయే ఈ జాబితాకు రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

తమాషా ఏమిటంటే, వయసులో నియమం కంటే మినహాయింపులే పెద్దవి. నైట్రిక్ ఆక్సైడ్ మీద ప్రీస్ట్‌లీ 1772లోనే ప్రయోగాలు చేశాడు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ను మోయిసాన్, లెబో 1901 నాటికే తయారుచేశారు. లూయిస్, కోసెల్ ఎనిమిది ఎలక్ట్రాన్ల లెక్క చెప్పింది 1916లో. లూయిస్ కూడా దాన్ని శిలాశాసనం అనుకోలేదు. ఆయన దృష్టిలో ఎలక్ట్రాన్ జంటే అసలు సంగతి.

అందరికంటే సతాయించింది బోరాన్. ఈథేన్ లాంటి నిర్మాణానికి 14 ఎలక్ట్రాన్లు కావాలి; డైబోరేన్ దగ్గర ఉన్నవి 12. రెండు బోరాన్ల నడుమ హైడ్రోజన్లు వంతెనలుగా నిలిచాయని 1943లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి లాంగెట్-హిగిన్స్ గట్టిగా వాదించాడు. 1951లో ఎలక్ట్రాన్ వివర్తనం దాన్ని ఖాయం చేసింది. ఒక జంట మూడు పరమాణువులను కట్టి ఉంచగలదన్నమాట. ఈ కథలో హైదరాబాద్‌కూ వాటా ఉంది. బోరాన్ గూళ్లు ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు ఎన్ని జంటలు కావాలో చెప్పే ఎమ్‌ఎన్‌ఓ సూత్రాన్ని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ.డి. జెమ్మిస్ బృందం 2001లో ప్రకటించింది. 12 బోరాన్ల ఒంటరి గూడుకు ఈ లెక్కన 12కు ఒకటి కలిపి 13 జంటలు.

బేసి ఎలక్ట్రాన్ల సంగతి పంజాగుట్టలోనే చూడొచ్చు. చౌరస్తాలో ఆగిన బండ్ల పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. రెండూ బేసివే, ఊపిరితిత్తులకు చేటు చేసేవే. అక్కడికి దగ్గర్లోని నిమ్స్‌లో గుండెనొప్పి రోగి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్ర ఒంట్లో విడుదల చేసేదీ నైట్రిక్ ఆక్సైడే. రక్తనాళాలను అది వదులు చేస్తుందని తేల్చినందుకు 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌ది వేరే దారి. డి ఆర్బిటాళ్లు కలిసి ఆరు బంధాలు ఏర్పడతాయని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం. తరవాతి గణనల్లో వాటి పాత్ర స్వల్పమని తేలింది. ఎలక్ట్రాన్లను ఫ్లోరిన్‌లే తమవైపు లాక్కుంటాయి గనక సల్ఫర్‌కు నిజంగా దక్కే వాటా ఎనిమిదిని మించదు.

అంటే బోరాన్‌ది అసలైన లోటు, నైట్రిక్ ఆక్సైడ్‌ది తప్పించుకోలేని బేసి, సల్ఫర్‌ది మన గీతల్లోని చిక్కు. మూడింటినీ ఒకే గాటన కట్టడం పరీక్షకు సులువే. ఇంటర్‌లో డి ఆర్బిటాళ్ల జవాబు రాయక తప్పదు. డిగ్రీలోనైనా ఆ ముడి విప్పే లెక్చరర్ దొరకాలి.